సరంగు నాడి

లాంచీ ఎక్కగానే ఏకాంబరం చేసిన మొదటి పని, ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూసుకోవడం. చూస్తే నవ్వరా మరి? యాభై మూడేళ్ల మనిషి. నుదుట మూడు విభూతి రేఖలు. విజయవాడ మొగల్రాజపురంలో ఒక మేడ మీద ఆఫీసు కుర్చీలో కూర్చుని, కళ్లకు డబ్బా లాంటి అద్దాలు తగిలించుకుని, ఎడమ మణికట్టుకు రబ్బరు పట్టీ కట్టుకుని, లేని గోదావరిలో లేని లాంచీ మీద అటూ ఇటూ తూలుతున్నాడు.

అది ‘అవతలి రేవు’ అనే ఆట. కాకినాడ అమ్మాయి ఒకతె తయారుచేసింది. అందులో కాల్చడాలు, నరకడాలు లేవు. వరద గోదావరి మీద ఇవతలి రేవు నుంచి అవతలి రేవుకు చేరాలి, అంతే. అయితే ఏటి మధ్యకు వచ్చేసరికి ఎర్రనీళ్లు లేచి మీద పడతాయి. ఆడేవాడి గుండె దడదడలాడుతుంది. ఆ దడ చేతి పట్టీకి తెలిసిపోతుంది. దడ పెరిగేకొద్దీ లాంచీ మరింత ఊగుతుంది. అప్పుడు చెయ్యవలసింది ఒకటే. తలకు తువ్వాలు చుట్టుకుని చుక్కాని దగ్గర నిలబడ్డ సరంగు చెయ్యి పట్టుకోవాలి.

ఏకాంబరం పట్టుకున్నాడు. పట్టీ అడుగున, ఎవరో బొటనవేలితో మెల్లగా తడుతున్నట్టు ఒక నాడి మొదలైంది. తొందర లేని నాడి. ఎన్నో వరదలు చూసిన మనిషి నాడి. ఎక్కడో ఒకచోట చిన్న తడబాటు, మళ్లీ సర్దుకుని నడక. రెండు నిమిషాల్లో అతని గుండె కూడా ఆ నడకలోకి వచ్చింది. లాంచీ కుదుటపడింది. చిన్నప్పుడు కోటప్పకొండ తిరునాళ్లలో నాన్న చెయ్యి పట్టుకుని జనంలో నడిచినప్పటి ధైర్యం లాంటిదేదో ఒంట్లోకి వచ్చి, కళ్లు చెమర్చాయి.

అంతలో ఫోను మోగింది. అద్దాలు తీసి బల్ల మీద పెట్టేశాడు. అవతలి రేవు దాకా వెళ్లనే లేదు. అయినా ఆ సాయంత్రమే ‘తప్పక ఆడవలసిన ఆట’ అని నాలుగు పేరాలు రాసేశాడు.

ఇది కార్తీకంలో జరిగింది.

చింతా ఏకాంబరం ఇరవై రెండేళ్లు గుంటూరులో ఒక దినపత్రిక డెస్కులో పనిచేసినవాడు. ఎవరి మీదైనా మచ్చ పడే వార్త వస్తే వాళ్లను మూడు పూటలా అడగాలి, దొరక్కపోతే ఇంటికి మనిషిని పంపాలి, అప్పటికీ దొరక్కపోతే ఆ రోజుకు వార్త ఆగాలి అని కొత్తగా చేరినవాళ్లకు నేర్పింది అతనే. ఆ పత్రిక మూతపడ్డాక, వీడియో ఆటల వార్తలు రాసే ఒక సైటులో చేరాడు. యజమాని వంశీధర్‌కు ముప్పై నాలుగేళ్లు. మంచివాడే, కాని కాలు నిలవదు.

మాఘ బహుళ విదియనాడు పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు ఆ వంశీధర్ ఫోను చేత్తో పట్టుకుని వచ్చాడు.

“ఏకాంబరం గారూ, ఇది చూశారా? మీరు మెచ్చుకున్న ఆట.”

గేమర్లు కబుర్లు చెప్పుకునే చోట ఎవరో పెట్టిన రాత అది. సరంగు చేతిలోని నాడి ఆసుపత్రిలో చచ్చిపోయిన ఒక రోగిదట. అతనికి తెలియకుండా దొంగిలించి ఆ అమ్మాయి ఆటలో పెట్టి అమ్ముకుంటోందట. కింద ఒక ఫోటో: ఆసుపత్రి మంచం, దుప్పటి మీద ముదురు చెయ్యి, ఆ చేతికి ఇదే పట్టీ.

“ఎవరండీ రాసింది?”

“చీకటిగుర్రం.”

“అంటే?”

“పేరండీ. వీళ్లకి ఇలాంటి పేర్లే ఉంటాయి.”

“అమ్మాయిని అడగాలి కదా.”

“అడగండి, నేను వద్దన్నానా? కానీ పదకొండుకి పక్క సైటువాళ్లు పెట్టేస్తున్నారు. మనకి నలభై నిమిషాలుంది.”

పెదపాటి సుభాషిణి నంబరు అతని దగ్గర ఉంది. చేశాడు. మోగి మోగి ఆగింది. అయిదు నిమిషాలాగి మళ్లీ చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. ఇందాక మోగిన ఫోను ఇప్పుడు ఆపేశారంటే కావాలనే ఆపారన్నమాట అనుకున్నాడు.

సైటులో వార్త చివర పెట్టే వాక్యాలు కొన్ని తయారుగా ఉంటాయి. మీట నొక్కితే చాలు, వచ్చి కూర్చుంటాయి. ‘ఎంత ప్రయత్నించినా అందుబాటులోకి రాలేదు’ అన్నది ఒకటి. ‘వివరణ కోరగా స్పందించేందుకు నిరాకరించారు’ అన్నది మరొకటి. ఏకాంబరం రెండోది నొక్కాడు. పైన మకుటం పెట్టాడు: ‘చచ్చిన రోగి నాడితో ఆటలా?’

“సూపర్ సార్,” అన్నాడు వంశీధర్. “ఆ ప్రశ్నార్థకం ఉందిగా, మనకేం కాదు.”

సాయంత్రం ఇంట్లో టిఫిన్ తింటూ అదే మాట భార్యతో అన్నాడు. కనకరత్నం పెనం మీది అట్టు తిరగేస్తూ వింది.

“అయితే ఏవండీ, రేపెవరైనా ‘ఏకాంబరం గారి భార్య దొంగా?’ అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెడితే మీరు ఊరుకుంటారా?”

“అది వేరు.”

“ఎలా వేరు?”

అతను చట్నీ గిన్నె దగ్గరకు లాక్కున్నాడు. ఆమె రెట్టించలేదు. ఇంకో అట్టు వేసి వెళ్లింది.

మర్నాటికి ఆ వార్తను నాలుగు లక్షల మంది చూశారు. చూసి ఊరుకుంటే అది వేరే కథ. ఎవరో సుభాషిణి ఇంటి చిరునామా బయటపెట్టారు. ఎవరో ఆమె ఫోటోను పాడు చేసి తిప్పారు. నీ నాడి కూడా ఆపుతామని రాసినవాళ్లను లెక్కపెట్టడం అనవసరం. ఒక కుర్రాడు అయితే వీడియో చేశాడు. సరంగు చెయ్యి పట్టుకుంటే అతని నాడి మనకొస్తుంది, నిజమే; కానీ మన నాడి కూడా కొంచెం అతనికి పోతుంది, అది మీరు గమనించారా అని అడిగాడు. మేడ మెట్లు పదిసార్లు ఎక్కి దిగి రొప్పుతూ వెళ్లి పట్టుకుని చూపించాడు. అరవై ఎనిమిది ఉన్న నాడి అరవై తొమ్మిది అయింది.

“వెయ్యి మందిమి చేస్తే ఏమవుతుందో చూద్దామా?” అన్నాడు నవ్వుతూ.

వెయ్యి మంది కాదు, పాతిక వేల మంది వెళ్లారు. దానికి సరంగును ముంచడం అని పేరు పెట్టారు. డెబ్భై అయిదు, ఎనభై నాలుగు, తొంభై ఆరు. క్రికెట్ స్కోరు చెప్పుకున్నట్టు చెప్పుకున్నారు. వంశీధర్ ఇది కూడా వార్తే కదా అన్నాడు. ఏకాంబరమే రాశాడు: ‘తొంభై ఆరుకు చేరిన సరంగు నాడి’. రాస్తూ, లోపల ఉన్నది ఎవరూ లేని బొమ్మే కదా అని సర్దిచెప్పుకున్నాడు.

షష్ఠినాడు పొద్దున అతను పూజ ముగించి లేస్తుంటే ఫోను వచ్చింది. ఆడగొంతు. పెద్దావిడ.

“ఏకాంబరం గారంటే మీరేనాండి?”

“నేనేనమ్మా.”

“నేనండి, సుభాషిణి వాళ్లమ్మని. మంగాయమ్మంటారండి. మీరు రాసింది పక్కింటమ్మాయి చేత చదివించుకున్నానండి. చచ్చిన రోగి అని రాశారండి. ఆయనకి పేరుంది కదండి. పేరెందుకు రాయలేదని అడుగుదామని చేశానండి.”

“ఎవరికమ్మా పేరు?”

“మా ఆయనకండి. గవర్రాజు గారని. కోటిపల్లి రేవులో ముప్పై ఒక్కేళ్లు లాంచీ నడిపారండి. అవతలి రేవులో దిగంగానే బోర్డు మీద రాసే పెట్టింది కదండి మా పిల్ల, ఈయన మా నాన్న, తన ఇష్టంతోనే నాడి ఇచ్చాడు అని. మీరు దిగలేదాండి?”

అతను ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

“స్పందించలేదని కూడా రాశారంటండి. ఆవేళ ఆయన సంవత్సరీకమండి. కోటిపల్లిలో ఏట్లో మునకేస్తా ఫోన్లు సంచిలో పడేశామండి. అది మోగుతుంటే పంతులుగారు కసిరారు, పిల్ల ఆపేసింది. అంతేనండి. తప్పయితే ఏమనుకోకండి.”

ఫోను పెట్టేసిన తరవాత ఏకాంబరం తను కార్తీకంలో రాసిన నాలుగు పేరాలు తీసి మళ్లీ చదివాడు. ఆఫీసుకు వెళ్లలేదు. కనకరత్నం ఏమిటని అడిగితే జరిగింది చెప్పాడు. ఆమె అతని చొక్కా ఒకటి, తువ్వాలు ఒకటి సంచిలో పెట్టి తెచ్చి ఇచ్చింది. “వెళ్లి రండి,” అంది.

కాకినాడ జగన్నాథపురంలో ఆ ఇల్లు తేలిగ్గానే దొరికింది. ప్రహరీ మీద ఎవరో రాత్రికి రాత్రి నల్లరంగుతో బూతు రాశారు, దాని మీద తడి సున్నం ఇంకా ఆరలేదు. తలుపు తీసింది సుభాషిణి. ఇరవై తొమ్మిదేళ్లుంటాయి. పేరు వినగానే తలుపు సగం మూసింది.

“ఫోటోగ్రాఫర్‌ని తెచ్చుకోలేదా సార్? ఏడుస్తుంటే తీస్తే బాగా వస్తుంది.”

“అమ్మాయీ, నేను…”

“రానీవే,” అని లోపల్నుంచి తల్లి గొంతు. “గుమ్మంలోకి వచ్చిన మనిషిని అలా నిలబెడతారా? ఆయ్, రండి బాబూ, రండి.”

ముందుగదే ప్రయోగశాల. రెండు బల్లలు, కంప్యూటర్లు, తీగలు, గోడకు వరసగా వేలాడే పట్టీలు. మధ్యలో గవర్రాజు ఫోటో. దానికి మెడ కనపడనన్ని పూలదండలు, వాడిపోతున్నవి, వాడనివి. ఏకాంబరం వాటివైపు చూడటం గమనించి మంగాయమ్మ అంది.

“ఎవరో పుణ్యాత్ములండి, రోజూ పంపుతున్నారు. సంవత్సరీకం అని తెలిసినట్టుంది. చీటీ ఇంగ్లీషులో ఉంటే నాకు రాదు గదా, దండకేం తప్పు అని ఆయనకి వేసేస్తున్నాను.”

ఆవిడ మంచినీళ్లకు లోపలికి వెళ్లాక సుభాషిణి మెల్లగా చెప్పింది. “ఆ చీటీల్లో నా పేరుంది సార్. నా ఫోటోకి వెయ్యమని. అమ్మకి చెప్పలేదు. మీరూ చెప్పకండి. పోలీసులకి ఇచ్చాను, రసీదు ఇచ్చారు.”



తరవాత ఆ అమ్మాయే కంప్యూటరు తెర తిప్పి చూపించింది. ఒక గీత పరుగులు తీస్తోంది. పక్కన అంకె: నూట ముప్పై రెండు.

“పాత కాపీ ఉంటుంది కదమ్మా? తీసి మళ్లీ పెట్టెయ్యొచ్చు కదా?” అన్నాడు, తనకు తెలిసినంతలో.

“నలభై ఒక్క రోజులు నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఎక్కించింది ఉంది సార్. అది పాటల క్యాసెట్టు లాంటిది. వేస్తే మోగుతుంది, పలకరిస్తే పలకదు. ఇది అలా కాదు.” ఆమె గోడనున్న పట్టీ ఒకటి తీసి అతని అరచేతిలో పెట్టింది. “నాన్న నాడి ఇప్పుడు ఈ మిషన్లో లేదు. ఎవరెవరు పట్టుకున్నారో వాళ్లందరి పట్టీల్లో కొంచెం కొంచెం ఉంది. ఒక పట్టీ నుంచి ఇంకో పట్టీకి అందుకుంటూ, పట్టుకున్న చేతిని బట్టి సర్దుకుంటూ ఏడాదిగా నడుస్తోంది. దీన్ని కాపీ తియ్యలేం. ఆట ఆపితే నాడి ఆగిపోతుంది. మళ్లీ మొదలెడితే వచ్చేది వేరే నాడి.”

“ఆయన ఒప్పుకునే ఇచ్చారు కదూ?”

“ఇప్పుడు అడుగుతున్నారా?” అంది. అయినా తనే చెప్పింది. “ఆట సంగతంతా చెప్పి పట్టీ కడుతుంటే, సరే గాని టిక్కెట్టు లేనివాణ్ని ఎక్కించకమ్మా, మా ఓనరు ఒప్పుకోడు అన్నాడు. ఆ మాట అన్నప్పటి నాడి కూడా ఉంది ఇందులో. నవ్వితే చిన్న గెంతు ఉంటుంది.”

మంగాయమ్మ గ్లాసు అందించి కుర్చీలో కూర్చుంది. దీపం పెట్టాక రోజూ ఆ కుర్చీలోనే కూర్చుంటుందట. అద్దాలు పెట్టుకోదు, లాంచీ గొడవ అక్కర్లేదు, పట్టీ ఒక్కటే కట్టుకుని కాఫీ తాగినంతసేపు ఆయన చెయ్యి పట్టుకుంటుంది. ఇంటి సంగతులు చెబుతుంది.

“మాట రాదండి, నాకు తెలుసు. కానీ నేను కోప్పడితే ఒక దెబ్బ తప్పేదండి నాడి. బతికున్నప్పుడూ అంతే. ఎన్ని వరదలొచ్చినా జంకలేదు గానీ నా కేకకి జంకేవారు.” నవ్వబోయి ఆగింది. “నాలుగు రోజుల్నించి ఏవన్నా అలా పరిగెడతానే ఉన్నారండి.”

“అమ్మాయీ, దీనికి మందు లేదా?” అన్నాడు ఏకాంబరం.

“నిదానమైన చేతులు కావాలి సార్. చాలా కావాలి. వాళ్లు ఎంతమంది వచ్చారో అంతకంటే ఎక్కువ. ఎక్కడ తెస్తారు?”

అక్కడే, ఆ బల్ల దగ్గరే కూర్చుని ఏకాంబరం సవరణ రాశాడు. తను మూడుసార్లు అడగలేదని రాశాడు. నిరాకరించారన్నది అబద్ధమని రాశాడు. గవర్రాజు పూర్తి పేరు, ఊరు, ఆయన నడిపిన రేవు రాశాడు. పోస్టు చేసే ముందు ప్రతి వాక్యం తల్లీకూతుళ్లకు చదివి వినిపించాడు. ‘మీలో ఎవరైనా కాసేపు నిదానంగా కూర్చుని ఆయన చెయ్యి పట్టుకోండి’ అన్న వాక్యం దగ్గర మంగాయమ్మ తలూపింది. ఆ సవరణను సైటులో అన్నింటికన్నా పైన పెట్టాడు.

గంటలో వంశీధర్ ఫోను చేశాడు.

“సార్, సవరణ ఎవరైనా పైన పెడతారా? మన పరువు మనమే తీసుకోవడం కాదా?”

“తప్పు పైన పెట్టాం కదండీ.”

“మీరు ఎమోషనల్ అవుతున్నారు. కొన్నాళ్లు రెస్టు తీసుకోండి.”

సాయంత్రానికి సవరణ అట్టడుగుకు వెళ్లింది. సైటులోకి వెళ్లేందుకు అతనికున్న దారి కూడా మూసేశారు.

అయినా మూడు వేల మంది దాకా చదివారు. వాళ్లలో కొందరు నిజంగానే వచ్చారు. అమలాపురం నుంచి ఒక రిటైర్డు హెడ్మాస్టరు, ఏలూరు ఆసుపత్రి నర్సులు ఆరుగురు డ్యూటీ దిగాక, కోటిపల్లిలో గవర్రాజు లాంచీ మీద బడికి వెళ్లిన మనుషులు. కనకరత్నం కూడా పక్కింటివాళ్ల పట్టీ అడిగి తెచ్చుకుని, కళ్లు మూసుకుని గంటసేపు కూర్చుంది. అష్టమినాటి మధ్యాహ్నం నాడి నూట పద్దెనిమిదికి దిగింది. సుభాషిణి అతనికి ఫోను చేసి ఆ అంకె ఒక్కటే చెప్పింది. గొంతులో ఆశ దాచుకోలేకపోయింది.

ఆ సంగతి అవతలివాళ్లకూ తెలిసింది. భజన బృందం దిగిందిరా అని నవ్వుకున్నారు. ఈసారి ఇంకా ఎక్కువమంది కట్టగట్టుకుని వచ్చారు. దశమికి నాడి నూట నలభై దాటింది. వాళ్లలో చాలామంది చెడ్డవాళ్లు కారు. కాలేజీ పిల్లలు, ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, ఇంట్లో అమ్మానాన్నలతో మర్యాదగా మాట్లాడేవాళ్లు. ఒక్కడు కూడా అవతలి రేవు దాకా వెళ్లి బోర్డు చదవలేదు. ఏకాంబరం వాళ్లను తిట్టుకుందామని చూశాడు. తనూ ఏటి మధ్యలోనే దిగిపోయినవాడే.

పొద్దున పూజలో అతను స్వామిని అడిగాడు. పోయినవాడి నాడిని పట్టి ఉంచుకోవడం తప్పంటావా? మనుషులు పోయినవాళ్ల ఫోటో దాచుకుంటారు, కళ్లజోడు దాచుకుంటారు, అది తప్పు కానప్పుడు ఇది మాత్రం ఎందుకు తప్పు? ఒకవేళ తప్పే అయినా, దాన్ని సరిదిద్దడానికి ఇన్ని క్రూరమైన చేతులు కావాలా? వాటిలో మొదటిది నాదే కావాలా? ఎప్పటిలాగే దీపం వెలుగుతూ ఉంది.

ద్వాదశినాడు మంగాయమ్మ రమ్మంది. ఎందుకో చెప్పలేదు.

అతను వెళ్లేసరికి సాయంత్రం అయిదున్నర. గుమ్మం ముందు నీళ్లు చల్లి ముగ్గు పెట్టి ఉంది. ఆవిడ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని అదే కుర్చీలో కూర్చుని ఉంది. సుభాషిణి కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“బాబూ, మీరు కూడా ఒకసారి పట్టుకోండి,” అంది మంగాయమ్మ. “ఎవరి గురించి రాశారో మీకు తెలియాలి కదండి.”

సుభాషిణి అతని ఎడమ చేతికి పట్టీ కట్టింది. కార్తీకంలో తనకు తగిలిన నాడి అతనికి గుర్తుంది. ఇప్పుడు తగిలింది అది కాదు. తరిమితే సందులోకి పరుగెత్తి, దారి లేక గోడకు ఆనుకున్న ప్రాణిలా కొట్టుకుంటోంది. ఏకాంబరం కళ్లు మూసుకున్నాడు. నిదానంగా ఊపిరి పీల్చాలనుకున్నాడు. శివ శివ అనుకున్నాడు. కాని చేసిన పని గుండెలో ఉన్నవాడికి నిదానం ఎక్కణ్నించి వస్తుంది? అతని గుండె దడ అతని చెవులకే వినిపిస్తోంది. తెర మీది అంకె నూట నలభై మూడు నుంచి నూట నలభై నాలుగయింది.

“చెయ్యి తీసెయ్యండి బాబూ,” అంది మంగాయమ్మ. కోపంగా కాదు. “మీ వల్ల కూడా కావట్లేదు.”

అతను పట్టీ విప్పి కూతురికి ఇచ్చాడు.

అప్పుడు ఆవిడ పట్టుకుంది. తరవాత, రోజూ మాట్లాడే గొంతుతోనే మొదలెట్టింది. పక్కింటివాళ్ల గేదె ఈనిందని చెప్పింది. కొళాయిలో నీళ్లు సన్నగా వస్తున్నాయని చెప్పింది. ఉన్నట్టుండి గొంతు పెంచి, “ఏవయ్యా, తడి తువ్వాలు మంచం మీద వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?” అని కసిరింది. కసిరి, తల వంచి, బొటనవేలు పట్టీ మీద పెట్టి కాచుకుంది.

గదిలో ముగ్గురూ కాచుకున్నారు. నాడి ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. అదే పరుగు.

ఇంకోసారి కసిరింది. ఈసారి గొంతు సగంలో విరిగింది.

“ఈయన మీ నాన్న కాదే,” అంది చివరికి. “నన్నెరగడు. ఎవరో భయపడిపోయిన మనిషి. పాపం, ఎవరో గానీ, ఎంతసేపని పరిగెడతాడు చెప్పు. ఆపెయ్యి తల్లీ.”

“అమ్మా, ఇంకో రెండు రోజులు చూద్దామే. నేను ఇంకో దారి…”

“వద్దమ్మా. మన కోసం ఆయన్ని కొట్టించుకోమనకూడదు.”

సుభాషిణి బల్ల దగ్గరకు వెళ్లింది. మీట నొక్కడానికి ఆమెకు చాలా సమయం పట్టింది. తల్లి పట్టీ వదల్లేదు. తెర మీది గీత కొద్దిసేపు కొట్టుకుంది, సన్నబడింది, పడుకుంది. ఎన్నో వేల ఇళ్లలో, ఎన్నో వేల చేతుల మీద పట్టీలు ఒక్కసారే మూగపోయి ఉంటాయి. కొందరు గెలిచామని కేకలు వేసి ఉంటారు. ఆ ఇంట్లో మాత్రం ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఏకాంబరానికి ఆ నిశ్శబ్దం భరించడం కష్టమైంది. ఏదో ఒకటి అనాలనిపించింది. “ఏడాది నిండింది కదమ్మా. పిండం పెట్టి సాగనంపారు. బహుశా ఆయన వెళ్లవలసిన సమయం…”

“సమయం మేం చూసుకునేవాళ్లం బాబూ,” అంది మంగాయమ్మ. “నాకు చాలనిపించిన నాడు నేనే వదిలేదాన్ని. అది మీరు చూడక్కర్లేదు.”

అతను తల దించుకున్నాడు.

సుభాషిణి వచ్చి తల్లి కాళ్ల దగ్గర కూలబడి ఒళ్లో తల పెట్టుకుంది. మంగాయమ్మ ఒక చేత్తో కూతురి జుట్టు నిమురుతూ, రెండో చేతికున్న పట్టీ వైపు చూస్తూ ఉండిపోయింది. వీధిలో ఎవరో సైకిలు మీద గంట కొట్టుకుంటూ పోయారు. కొంతసేపటికి ఆవిడ తల ఎత్తి ఏకాంబరం నుదుటి విభూతి వైపు చూసింది.

“పూజ చేసుకునేవారిలా ఉన్నారు. ఇయ్యాళ తిథేంటో మీకు తెలుసాండి?”

“తెలుసమ్మా. మాఘ బహుళ ద్వాదశి.”

ఆవిడ పెదవుల్లోనే ఒకసారి ఆ మాట అనుకుంది, మరిచిపోకుండా.

“విదియకి ఒక తద్దినం పెడుతున్నాం,” అంది కూతురితో. “ఇక మీదట ద్వాదశికి కూడా పెట్టాలి. రాసుకోమ్మా.”